ఆంగ్లము మాటాడనన్న బాలిక

హైదరాబాదున నాంపల్లి, ఆబిడ్సుల నడుమ ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ అను పాత భవనము గలదు; బంగారు గడప యని యర్థము. అది అఘోరనాథ చట్టోపాధ్యాయుని గృహము. ఆయన కుమార్తె సరోజినీదేవి 1905లో లండనున ప్రకటించిన తొలి కవితాసంపుటి పేరును అదియే. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఆ యింటనే మొదలయ్యెను.

ఉన్నత పాఠశాలలలో బాలురు ఆమె పద్యములను వల్లించి, పరీక్ష వ్రాసి, మఱచెదరు. శ్రోతలారా, ఆ 1905 నాటి పొత్తము నేడు ప్రాజెక్టు గూటెన్‌బర్గను డిజిటల్ గ్రంథభాండారమున, కాసు వ్యయము లేక, మీ మనుమల ఫోనులోనే చదువనగును. ఆంగ్లపాఠమును పద్యముతో గాక, అందలి పీఠికతో నారంభింపవలయునని నా మతము. ఆర్థరు సైమన్సు వ్రాసిన యా పీఠికలో సరోజినీదేవి లేఖలు గలవు. చిన్ననాడామె ఆంగ్లము మాటాడనని మొండికెత్తెనట! తొమ్మిదవయేట తండ్రి యొక దినమెల్ల గదిలో నొంటిగా నుంచగా, ఆ భాష పట్టువడి వెలికివచ్చెనట. (ఆ శిక్షను నేను మెచ్చను.) తల్లి మాత్రము ఆమెతో హిందూస్థానీయే మాటాడెడిది. పదునొకండవయేట బీజగణితపు లెక్క తెమలక నిట్టూర్చుచుండగా, దానికి బదులు పద్యము తోచెనట. ఆంగ్లమనిన వడకు పల్లెబాలునకు ఇంతకు మించిన ధైర్యవచన మేది?

ఆ సంపుటిలోనే నిజాము ప్రభువును గొనియాడు పద్యమును గలదు. ఏఱికూర్చిన వాచకము దానిని విడువవచ్చును, మూలగ్రంథము దాచదు. 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెఱకేగిన యామెయేనా దీనిని వ్రాసినదని పిల్లలడిగినచో, ఆంగ్లోపాధ్యాయుడు చరిత్ర చెప్పక తప్పదు.