అరచేతి డ్రోను – సంస్థానసీమ చరిత్రము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల గతచరిత్రమును వ్రాయబూనినవానికి మొట్టమొదట తోచు కొఱత చిత్రములది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ నేలిన గద్వాల ప్రభువులును, వనపర్తి రాజులును, కొల్లాపురమునుండి జటప్రోలు సంస్థానమును పాలించినవారును కవిపండితులను పోషించి గ్రంథములు వ్రాయించిరి. కాని వారి యేలుబడిలో పల్లె యెట్లుండెనో, సంత యెట్లు సాగెనో, కృష్ణ దాటుటకు జనులు పుట్టి నెట్లెక్కిరో చూపు పటములు మిక్కిలి యరుదు. ఊరినంతయు ఎత్తునుండి చూచు భాగ్యము నల సోమనాద్రి కట్టించిన గద్వాల మట్టికోట బురుజుపై కావలి కాచిన భటునిదే.

ఆకాశమునుండి ఛాయాచిత్రము తీయు విద్య ఐరోపాలో పుట్టినది. 1858లో నాదార్ అను ఫ్రెంచివాడు బెలూను నెక్కి పారిస్ చెంతనున్న పల్లెను చిత్రించెను. 1888లో ఆర్థర్ బత్యూ గాలిపటమునకు కెమెరా కట్టెను. 1908లో జర్మను ఔషధవిక్రేత నోయిబ్రోనర్ పావురముల ఱొమ్మున తగిలించు చిన్న కెమెరాకు పేటెంటు పొందెను. తరువాతి మహాయుద్ధములలో ఈ విద్య సైన్యముల పాలయ్యెను. మన నిజాం రాజ్యమునందు రాజా దీన్‌దయాళ్ వంటి నేర్పరి యుండియు, ఆస్థానమును ఆశ్రయించిన ఆయన కెమెరా ప్రధానముగా ప్రాసాదములను, వేటలను, దర్బారులను దర్శించెను.

ఈ లోటును అక్షరములతో పూరించిన మహనీయుడు ఈ సీమలోనే పుట్టెను. 1896లో బోరవెల్లిలో జన్మించి, 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన సురవరము ప్రతాపరెడ్డిగారు, జనుల తిండియు, బట్టయు, ఆటయు, పండుగయు చరిత్రమునకు ప్రాణమని నమ్మి, కావ్యములలో చెదరియున్న ఆనవాళ్ళ నేరికూర్చి, 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించిరి. ఆయన గతించిన కొన్ని దశాబ్దములకే శ్రీశైల జలాశయము నిండి కృష్ణాతీర గ్రామము లనేకము మునిగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమునకు తరలింపగలిగిరి. ఇండ్లను, కల్లములను, వీధుల వంపులను తరలింపజాలకపోయిరి. వానిని పైనుండి చిత్రించి దాచుకొను సాధన మా పల్లెవాసుల కడ లేకపోయెను.

ఆ సాధన మిప్పుడు అరచేత నిముడుచున్నది. 2016లో వెలువడిన హోవర్ కెమెరా అను డ్రోను తూకము 242 గ్రాములు. 2022లో స్నాప్ సంస్థ తెచ్చిన పిక్సీ తూకము 101 గ్రాములు మాత్రమే. పిక్సీ తయారీ కొలది నెలలకే యాగిపోయినను, అరచేతినుండి లేచి, మనిషిని గుర్తించి వెంటనంటి, మరల అరచేతనే వ్రాలు పద్ధతి నిలిచినది. సోమశిల తీరమున గాని, జూరాల చెంత గాని రీలు తీయగోరు పల్లె పడుచునకు దీనిని నేర్పుటకు గురువుతో పనిలేదు.

స్వేచ్ఛకు హద్దులును కలవు. 2021 డ్రోను నియమావళి ప్రకారము 250 గ్రాములకు మించని నానో డ్రోనునకు పైలటు ధ్రువపత్ర మక్కరలేదు; ముందస్తు అనుమతి యక్కరలేని ఆకుపచ్చ మండలమున 400 అడుగుల యెత్తువఱకు ఎగురవేయవచ్చును. విదేశములలో తయారైన డ్రోనుల దిగుమతి 2022 ఫిబ్రవరినుండి నిషిద్ధము. అలంపురము నవబ్రహ్మాలయములపైన, అమ్రాబాదు పులుల అడవిపైన అనుమతి లేక ఎగురవేయరాదు. స్త్రీలు స్నానమాడు రేవుపైకి, పొరుగువారి పెరటిపైకి దానిని పంపుట యే నియమము చెప్పకున్నను అపచారమే.

వినోదార్థము తీసిన చిత్రమైనను, దాని వెనుక కనబడు చెఱువుకట్టయు, వరిమడియు, మగ్గముల వాడయు రేపటి చరిత్రమునకు ఆధారములగును. కావున తీసినవారు ఊరి పేరును, తేదీని తప్పక వ్రాసియుంచవలెను. ఈ మూడు జిల్లాల గ్రంథాలయములును అట్టి చిత్రములను సేకరించి భద్రపఱచు భారమును వహింపవలెను.