ఏలూరులో పరిచిన చదరంగం

తెలుగువాళ్ల చదరంగం అనగానే హరికృష్ణ, హంపి, హారిక గుర్తొస్తారు. కథ అంతకు చాలా ముందే మొదలైంది. అఖిల భారత చదరంగ సమాఖ్య 1951లో ఏర్పడింది. నాలుగేళ్లకి, 1955లో, తొలి జాతీయ ఛాంపియన్‌షిప్ మన ఏలూరులోనే జరిగింది. మహారాష్ట్ర ఆటగాడు రామచంద్ర సప్రే, మన డి. వెంకయ్య టైటిల్ పంచుకున్నారు.

గెలిచినవాళ్ల పేర్లు జాబితాల్లో ఉన్నాయి. బల్లలు వేయించి, గడియారాలు సర్ది, ఎవరితో ఎవరు ఆడాలో రాసిపెట్టి, తగాదా వస్తే తీర్చినవాళ్ల పేర్లు జాబితాలకెక్కవు. ఆట నిలిచేది మాత్రం వాళ్ల మీదే. కరీంనగర్ పిల్లాడైనా ఆదిలాబాద్ పిల్లయినా జాతీయ పోటీ దాకా పోవాలంటే ముందు జిల్లా ఎంపిక పోటీ జరగాలి కదా! ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరు హాలు తాళం తీయాలి. 2016లో పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలయ్యాక, తీయాల్సిన తాళాలూ నాలుగయ్యాయి.

పక్కనే వరంగల్ కుర్రాడు ఎరిగైసి అర్జున్ 2018లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబరు జాబితాలో అతని రేటింగ్ 2801. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు.

ఛాంపియన్ల చరిత్ర ఎలాగూ రాసుకుంటాం. తాళం తీసినవాళ్ల చరిత్ర కూడా, వాళ్లు మన మధ్య ఉండగానే, జిల్లా జిల్లాకీ అడిగి రాసుకోవాలి.