చెవి కూడా పలుకుతుంది

కోయంబత్తూరు, మదురై పాత తెలుగు ఇళ్ళలో రెండేళ్ళు దాటిన పిల్లవాడికి మాట రాకపోతే పెద్దవాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, వాడేం చేస్తాడు పాపం!" వినడానికి సబబుగానే ఉంటుంది, నిజం మాత్రం కాదు. రెండు భాషల మధ్య పెరిగినంత మాత్రాన మాట వెనకబడదు. ముందు చూడాల్సింది చెవి. మేనరికాలున్న కుటుంబాల్లో మరీ ముందు.

అయితే పసివాణ్ణి వినిపించిందా అని ఎలా అడగడం? ఈ చిక్కు విప్పినవాళ్ళలో కొందరు పిల్లల కోసం బయల్దేరినవాళ్ళే కారు. 1948లో థామస్ గోల్డ్ అనే భౌతికశాస్త్రవేత్త, లోపలి చెవి శబ్దాన్ని ఊరికే అందుకోదు, తన శక్తితో పెంచుతుంది, అలాంటప్పుడు అది తానే శబ్దం చెయ్యాలి కూడా అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ముప్పై ఏళ్ళకు, 1978లో, లండన్‌లో డేవిడ్ కెంప్ చెవిలో చిన్న మైకు పెట్టి, వినిపించిన శబ్దానికి చెవి తిరిగి చేసే బదులు శబ్దాన్ని పట్టుకున్న సంగతి ప్రకటించాడు. ఇప్పటి ఓఏఈ పరీక్ష అదే. చెవిలో గులిమి ఉన్నా, కర్ణభేరి వెనక నీరు చేరినా ఆ శబ్దం బయటికి రాకపోవచ్చు, అప్పుడు రిపోర్టులో 'రెఫర్' (ఇంకా పరీక్షించాలి) అని పడుతుంది. దాన్ని చూసి చెవుడని ఏడవనక్కర్లేదు.

ఈలోగా అమెరికాలో జ్యూయెట్, విల్లిస్టన్ మరో దారి పట్టారు. శబ్దం విన్న పది మిల్లీసెకన్లలోపే మెదడు కాండం నుంచి వచ్చే చిన్న చిన్న విద్యుత్ అలలను నెత్తి మీద నుంచే పట్టి, 1971లో వివరంగా ప్రచురించారు. ఒక్కొక్కటి మైక్రోవోల్టు కూడా ఉండదు. వందలు, వేల 'టిక్' శబ్దాలు వినిపించి సగటు తీస్తేగాని బయటపడదు. 1974లో హెకాక్స్, గాలంబోస్ పసిపిల్లల్లోనూ ఇది కుదురుతుందని చూపారు. ఇదే మన బేరా పరీక్ష. పిల్లవాణ్ణి నిద్రపుచ్చి, నుదుటి మీద, చెవుల వెనక తీగలు అతికించి, శబ్దాన్ని క్రమంగా తగ్గిస్తూ అయిదో అల ఎక్కడ మాయమవుతుందో చూస్తారు. అల నిలిచిన చివరి మెట్టు 40 డెసిబెల్స్ అని రాస్తే అది 40 శాతం చెవుడని కాదు. పైగా 'టిక్' శబ్దంతో చేసే బేరా ఎక్కువగా హెచ్చు పౌనఃపున్య శబ్దాల సంగతే చెబుతుంది. తగ్గు పౌనఃపున్య శబ్దాలు వేరే చూడాలి.

మోటార్లకు పేరుపడ్డ కోయంబత్తూరులో ఓఏఈ యంత్రం 'పాస్' అందంటే తండ్రులు ఠక్కున నమ్మేస్తారేమో. అక్కడే ఒక మెలిక ఉంది. 1996లో ఆర్నాల్డ్ స్టార్, ఆయన సహచరులు కొందరు రోగుల్లో చెవి నుంచి బదులు శబ్దం వస్తున్నా బేరాలో అలలు సరిగా రావడం లేదని రాశారు. శబ్దం చెవికి చేరుతోంది, నరంలో చెదిరిపోతోంది. దానికి ఆడిటరీ న్యూరోపతీ అని పేరు పెట్టారు. ఓఏఈ పాసైనా మాట రాని పిల్లవాడికి డాక్టరు బేరా కూడా రాసేది ఇందుకే.