ముద్దాయి, భుక్తి, సదుద్దేశం: తెలుగు న్యాయపదాల అర్థపరిణామంపై ఒక పరిశీలన

తెలుగులో ‘ముద్దాయి’ అంటే నేరం మోపబడినవాడు. పత్రికలోనైనా, పోలీసు స్టేషనులోనైనా, పల్లె రచ్చబండ మీదైనా ఈ అర్థంలో తేడా లేదు. కాని ఈ మాటకు మూలమైన అరబీ పదం ‘ముద్దయీ’ అర్థం దీనికి సరిగా ఎదురు. ‘దావా’, ‘ముద్దయీ’ ఒకే ధాతువు నుండి పుట్టినవి. దావా వేసినవాడు ముద్దయీ. ఎవరిమీద దావా పడిందో అతడు ‘ముద్దాఅలైహ్’. ఉర్దూ న్యాయపరిభాషలో ఈ జంట నేటికీ ఇదే క్రమంలో నిలిచి ఉన్నది. తెలుగులోకి వచ్చేసరికి వాది పేరు ప్రతివాదికి సంక్రమించింది.

ఈ తారుమారుకు కారణం ఊహించడం కష్టం కాదు. ‘ముద్దాఅలైహ్’ తెలుగు నాలుకకు లొంగని మాట. అది కుదించుకుపోతే మిగిలే రూపం ‘ముద్దాయి’కి దగ్గరగానే ఉంటుంది. మరొక వైపు, మొరపెట్టుకోవడం అనే అర్థం గల ఫారసీ ‘ఫర్యాద్’ నుండి వచ్చిన ‘ఫిర్యాది’ తెలుగులో వాదిస్థానాన్ని గట్టిగా ఆక్రమించింది. ఒక స్థానం నిండిన తరువాత రెండవ మాట ఎదుటి స్థానానికి జరగడం భాషలో వింత కాదు. ఈ రెండు కారణాలూ కలిసి పనిచేసి ఉండవచ్చుననడం సంభావ్యతే కాని నిర్ణయం కాదు.

ఈ చర్చ నిఘంటుకారుల వినోదానికి పరిమితమైనది కాదు. హైదరాబాదు సంస్థానంలో న్యాయస్థానాల భాష ఉర్దూ. ఆనాటి భూవివాదాల తీర్పులను తెలుగు చేసే పరిశోధకుడు ‘ముద్దయీ’ కనబడగానే ‘ముద్దాయి’ అని రాసుకుంటే, భూమి పోయిందని మొరపెట్టుకున్న రైతు ఆ అనువాదంలో భూమి కాజేసినవాడుగా నిలబడతాడు. వాక్యం తప్పుగా కనిపించదు. అందువల్లనే ప్రమాదం ఎక్కువ.

‘ముద్దాయి’ ప్రయాణం అక్కడ కూడా ఆగలేదు. ఉర్దూ క్రిమినల్ పరిభాషలో ఆరోపణకు గురైనవాడు ‘ముల్జిమ్’, నేరం చేసినవాడు ‘ముజ్రిమ్’. తెలుగులో ఈ భేదాన్ని నిందితుడు, దోషి అనే మాటలు పాటిస్తున్నాయి. ‘ముద్దాయి’ మాత్రం రెంటి నడుమ ఊగుతూ ఉంటుంది. కోర్టు కాగితంలో అది ఇంకా దోషం రుజువు కానివాని పేరు. ‘అసలు ముద్దాయి ఎవరు?’ అనే లోకవ్యవహారంలో తీర్పు అప్పటికే వెలువడింది. నేరం రుజువయ్యేదాకా నిర్దోషిగా భావించాలనే సూత్రాన్ని ఏ తెలుగు మాటలో చెప్పినా, విచారణలో ఉన్నవానిని పిలిచే పేరే దానికి అడ్డు తగులుతున్నది.

సంస్కృత పదాల విషయంలో ఇటువంటి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించాడు. ధర్మశాస్త్రం తెలుగు పద్యంలోకి దిగిన ఘట్టమది. ఆ సంప్రదాయంలో ‘వ్యవహారం’ అంటే వివాద విచారణ. ‘ప్రమాణం’ అంటే ఆ విచారణలో సత్యాన్ని నిర్ణయించే సాధనం. మానుష ప్రమాణాలు మూడు: లిఖితం, భుక్తి, సాక్షులు. ఇవి లేనప్పుడే దివ్యం. నేటి తెలుగులో వ్యవహారం ఏ పనికైనా చెల్లే మాట అయింది. ప్రమాణం ఒట్టుకు పర్యాయమయింది. సాక్షి బోనులో నిలిచి చేసేది ప్రమాణమే. మొత్తం సాధనసముదాయానికి ఉన్న పేరు అందులో దైవానికి దగ్గరగా ఉన్న ఒక్క భాగానికి మిగిలింది.

‘భుక్తి’ కథ ఇంతకంటె గంభీరమైనది. ధర్మశాస్త్రంలో అది భూమిని అనుభవించడం. నేటి పాఠకునికి భుక్తి అంటే తిండి, బతుకుతెరువు. యజమాని చూస్తూ, మారుమాటాడక ఉండగా, ఇతరుడు 20 ఏళ్లు భూమిని అనుభవిస్తే హాని కలుగుతుందని స్మృతి చెప్పింది. ఇతర ధనానికి 10 ఏళ్లు. హాని దేనికి? విజ్ఞానేశ్వరుడు ఇక్కడ ఆగి, పోయేది భూమి కాదు, ఆ గడచిన కాలపు ఫలమే అని వ్యాఖ్యానించాడు. ఒక్క పదానికి చెప్పిన అర్థంతో ఒక కుటుంబపు పొలం నిలిచింది. 1963 నాటి కాలపరిమితి చట్టం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. యజమాని హక్కుకు విరుద్ధంగా సాగిన స్వాధీనం 12 ఏళ్లు నిండితే ప్రైవేటు యజమాని హక్కే అంతరిస్తుంది.

భుక్తి వదలిన చోటును ఉత్తరాన ‘కబ్జా’ నింపింది. అరబీ మూలంలో అది పట్టులో ఉంచుకోవడం. న్యాయాన్యాయాల ఊసు అందులో లేదు. ఉర్దూ దస్తావేజులలో కబ్జా స్వాధీనం మాత్రమే. నేటి తెలుగులో ‘చెరువు కబ్జా’ అన్నప్పుడు వినబడేది అభియోగం. అందువల్ల పాత దస్తావేజులో ఫలానా రైతు కబ్జాలో భూమి ఉన్నదన్న వాక్యం అతనికి అనుకూలమైన సాక్ష్యం. అదే వాక్యం ఈనాటి చెవికి అతనిపై నేరారోపణ. ‘అనుభవదారు’ అనే మాట ఇటువంటి మచ్చ అంటకుండా మిగలడం తెలుగు రెవెన్యూ పరిభాష అదృష్టం.

అనువాదంలో కల్పించిన పదాలకు ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ‘సదుద్దేశం’ అందుకు మంచి నిదర్శనం. 1860 నాటి భారత శిక్షాస్మృతి 52వ సెక్షను ప్రకారం, తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసిన పనిని సదుద్దేశంతో చేసినట్లు చెప్పరాదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం, నిజాయతీగా చేస్తే చాలు. అజాగ్రత్త ఉన్నా అది సదుద్దేశమే. రెండు చట్టాలు ఒకే మాటకు రెండు నిర్వచనాలిచ్చాయి. తెలుగు సమాసం తనంతట తాను రెండవ చట్టం వైపే మొగ్గుతుంది: ఉద్దేశం మంచిదైతే సరి. చికిత్సలో అజాగ్రత్త చూపిన వైద్యుడు మంచి మనసుతోనే చేశానంటే తెలుగు మాట అతనికి అడ్డు చెప్పదు, సెక్షను చెబుతుంది. శిక్షాస్మృతిని తెలుగులో చదివేవారికి ఈ లోపాన్ని వివరణతో పూరించక తప్పదు.

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన మూడు చట్టాలు ఈ సమస్యను పేరులోనే మోసుకొచ్చాయి. ‘భారతీయ న్యాయ సంహిత’ తెలుగులో ఇబ్బంది పెట్టదు. ‘సాక్ష్య అధినియమం’లో చట్టానికి బదులు వాడుకలో లేని మాట వచ్చింది. అసలు చిక్కు క్రిమినల్ విచారణ పద్ధతిని నిర్దేశించే ‘భారతీయ నాగరిక్ సురక్షా సంహిత’ది. హిందీలో నాగరిక్ అంటే పౌరుడు. తెలుగులో నాగరికుడు సభ్యత తెలిసినవాడు. నగరం నుండి ఒకటి, పురం నుండి ఒకటి పుట్టిన ఈ రెండు మాటలూ మొదట పట్టణవాసికే చెందినవి. హిందీ ఒకదానిని పౌరసత్వానికి ఉంచుకుంటే తెలుగు రెండవదానిని ఉంచుకుంది. కనుక ఆ పేరును అలాగే రాస్తే సభ్యులకు మాత్రమే రక్షణ ఇచ్చే చట్టంలా ధ్వనిస్తుంది. ‘పౌర సురక్షా స్మృతి’ అని మారిస్తే, ఉమ్మడి పౌరస్మృతికి అలవాటుపడిన పాఠకునికి అది సివిల్ చట్టమై తోస్తుంది.