గమకానికి గుర్తు ఎక్కడ?

పాలకీడు వైపు భజన పాటల్ని స్వరాల్లో రాసి కంప్యూటర్లోకి ఎక్కించే పని కొంతకాలంగా చేస్తున్నాను. స్వరాలు రాయడం తేలికే. స్వరానికీ స్వరానికీ మధ్య గొంతు చేసే పనిని రాయడమే కష్టం. ఈ కష్టం నాతో మొదలైంది కాదు. దానికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది, అదీ తెలుగు అక్షరాల్లో.

1890ల్లో మద్రాసులో చిన్నస్వామి మొదలియార్ మన కృతుల్ని పాశ్చాత్యుల ఐదు గీతల లిపిలో అచ్చువేయడం మొదలుపెట్టాడు. కృతుల కోసం ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితుల్ని ఆశ్రయించాడు. ఆయన ప్రోద్బలం, సంస్థానం అండ కలిసి 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. తమిళదేశంలో అచ్చయిన తెలుగు పుస్తకం. అందులో స, రి, గ, మ అక్షరాలే లిపి. హ్రస్వానికి ఒక పాలు కాలం, దీర్ఘానికి రెండు. వాటికి తోడు గమకాల గుర్తులు: కంపితానికి అల, జారుకు ఏటవాలు గీత. మామూలు అచ్చు పనికి అక్కర్లేని గుర్తులవి. దీక్షితులకు మాత్రం అవి లేకపోతే రాగమే లేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. 1996లో ఇద్దరు డచ్చి సంగీతకారులు మొదలుపెట్టిన లిలీపాండ్‌లో పాటను మౌస్‌తో గీయరు, అక్షరాల్లో టైపు చేస్తారు. అది పుట్టింది పాశ్చాత్య సంగీతం కోసమే. అయితే స్కీమ్ అనే భాషలో మనకు కావాల్సిన ఫంక్షన్ మనమే రాసుకోవచ్చు. ‘కంపితం’ అని ఒక ఫంక్షన్ రాసుకున్నామనుకోండి, ఆ మాట ఎక్కడ పెడితే అక్కడ స్వరం మీద అల పడుతుంది. ఆ అల ఆకారం మార్చాలంటే ఒక్కచోట మారిస్తే చాలు, వంద పాటల్లోనూ మారుతుంది.

నిజానికి ఫంక్షన్ అనే ఆలోచన మనకు కొత్తేం కాదు. 17వ శతాబ్దంలో వేంకటమఖి వేసిన 72 మేళాల పద్ధతి అలాంటిదే. ధీరశంకరాభరణం తీసుకోండి. కటపయాది లెక్కలో ధ తొమ్మిది, ర రెండు, తిరగేస్తే 29. ఒకటి తీసేస్తే 28. అది 36 లోపే, కాబట్టి శుద్ధ మధ్యమం. ఆరుతో భాగిస్తే నాలుగు, శేషం నాలుగు. ఆ రెండు నాలుగులూ రి-గ, ద-ని జంటల్ని తేల్చేస్తాయి. పేరు ఇస్తే స్వరాలు వస్తాయి. ఈ లెక్కని కోడ్‌గా రాయడానికి పది పదిహేను లైన్లు చాలు.

కంపితం అలా లొంగదు. ఒకే అల ఒక రాగంలో ఒకలా, ఇంకో రాగంలో ఇంకోలా ఊగుతుంది. ఫంక్షన్ గుర్తు వేయగలదు. ఊపు మాత్రం విన్నవాడే చెప్పాలి. అలాగని గుర్తు మానేస్తే? ప్రోగ్రాంలో సిద్ధంగా ఉన్నవాటితోనే సరిపెట్టుకుంటే, రేపు ఆ కాగితం చూసి పాడేవాడికి అక్కడ ఊపు ఉండేదన్న అనుమానం కూడా రాదు. పెద్దవాళ్ళ గొంతులు వెళ్ళిపోయాక మిగిలేది కాగితమే. అందుకే ఆ నాలుగు లైన్ల ఫంక్షన్ నాకు ప్రోగ్రామింగ్ సరదా కాదు. ఇక్కడ ఏదో ఉంది, అడిగి తెలుసుకో అని తర్వాతివాడికి చెప్పడం.