కుళాయి నీళ్ళలో కాల్షియం

"అవుట్‌పుట్ మ్యాచ్ అయిందిగా, ఇంకేం కావాలి?" అని టెస్ట్ కేసు మూసేసే అలవాటు మనలో చాలామందికుంది. నాకూ ఉంది. కణాల్లో కాల్షియం కథ చదివాక మాత్రం ఆ మాట అనడానికి కాస్త జంకుతున్నాను.

1882లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరుగారు కప్ప గుండెకి ఉప్పునీళ్ళు పట్టించి చూస్తే భేషుగ్గా కొట్టుకుంది. పేపర్ కూడా అచ్చయింది. ఆ ఉప్పునీళ్ళు డిస్టిల్డ్ వాటర్‌తో కాదు, కుళాయి నీళ్ళతో కలిపినవని తర్వాత తెలిసింది. డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే గుండె కాసేపటికే చతికిలబడింది. అంటే అసలు పని చేసింది కుళాయి నీళ్ళలోని కాల్షియం! జరిగిన పొరపాటుని 1883లో ఆయనే అచ్చులో ఒప్పుకున్నాడు. (ఇంత నిజాయితీ గల బగ్ రిపోర్టు నేనింతవరకూ చూడలేదు.)

అదే ఊళ్ళో, 1960లో డెనిస్ నోబుల్ గుండె కణాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఫెరాంటి మెర్క్యురీ అనే ఆ మెషీన్ ఆయనకి దొరికేది రాత్రి 2 నుంచి 4 దాకానే. ఫలితం అచ్చం గుండె కణం గీసే గీతలాగే వచ్చింది. కానీ ఆ మోడల్‌లో సోడియం, పొటాషియం ప్రవాహాలే ఉన్నాయి. కాల్షియం లేనే లేదు! గుండె కణాల్లో కాల్షియం ప్రవాహం ఉందని హరాల్డ్ రాయిటర్ చూపించింది 1967లో.

కాల్షియం లెక్కేమో తేలిక కాదు. కణం బయట లోపలికన్నా సుమారు 10 వేల రెట్లు ఎక్కువ. లోపల కాస్త పెరిగితే నిల్వల తలుపులు తెరుచుకుంటాయి, మరీ పెరిగితే అవే మూసుకుంటాయి. అందుకే అది పడుతూ లేస్తూ ఉంటుంది. 1992లో డి యంగ్, కైజర్ రాసిన పెద్ద మోడల్‌ని 1994లో లీ, రిన్జెల్ రెండు వేరియబుల్స్‌కి కుదించారు. ఒక కణానికైతే మన లాప్‌టాప్ చాలు. వేల కణాలు కలిస్తేనే తంటా.

ఇక్కడికొచ్చాయి ఎఫ్‌పీజీఏలు. జైలింక్స్ మొదటిది తెచ్చింది 1985లో. సమీకరణాన్ని ప్రోగ్రాముగా కాక, వైరింగుగానే రాసుకోవచ్చు. చిక్కల్లా గుణకారాలు, భాగహారాలు చిప్‌లో బోలెడు చోటు తినడం. 2017లో ఇంపీరియల్ కాలేజీకి చెందిన సొలెయిమాని, డ్రకాకిస్ ఇందుకోసమే కుదించిన మోడల్ ఒకటి తయారుచేశారు. కాల్షియం మెల్లగా కదులుతుంది, సర్క్యూట్ మహా వేగం. కాబట్టి ఒకే సర్క్యూట్‌ని చాలా కణాలు వంతులవారీగా వాడుకోవచ్చు. 10 వేల నుంచి 40 వేల కణాల దాకా పెట్టి చూస్తే, మామూలు పీసీకన్నా సగటున 83 రెట్లు వేగం వచ్చిందట.

నాకు నచ్చింది ఆ 83 కాదు. గీతలు కలిశాయా లేదా అన్నదాంతో వాళ్ళు ఆగలేదు. ప్రేరణ ఎంత పెంచితే ఊగిసలాట మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది కూడా సరిచూశారు.