వేలి కొసన అక్షరం

అది 1962. జర్మనీలోని ఐబీఎం ప్రయోగశాలలో ఒక హైస్పీడ్ ప్రింటర్ పనిచేస్తోంది. లోపల బారుగా అమర్చిన సన్నటి పిన్నులు బుల్లి సుత్తుల్లా ఎగిరి కొడుతుంటే కాగితం మీద అక్షరాలు పడుతున్నాయి. దాన్ని చూడ్డానికి వచ్చిన జాన్ లిన్‌విల్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. ఆయనకు ఆ పిన్నులు చూడగానే ఒక ఆలోచన తట్టింది. ఈ సుత్తులు కాగితాన్ని కాకుండా వేలి కొసను తాకితే? పడింది ఏ అక్షరమో వేలికి తెలిసిపోదూ?

ఆయనకు ఇంట్లో క్యాండీ అనే కూతురుంది. మూడేళ్లప్పుడే ఆ పిల్లకు చూపు పోయింది.

తల్లి మార్జొరీ బ్రెయిలీ నేర్చుకుని, కూతురు చదవాల్సినవన్నీ గంటల తరబడి కూర్చుని చుక్కల్లోకి ఎక్కించేది. తోటి పిల్లలకు పుస్తకం అంగట్లో దొరుకుతుంది. క్యాండీకి మాత్రం అమ్మ చేతుల మీదుగా రావాలి. బ్రెయిలీలోకి ఎక్కని పుస్తకం ఇంట్లో ఉన్నా లేనట్టే. బడి పుస్తకాలంటే ఎలాగోలా అమ్మ పూర్తి చేస్తుంది. మరి పత్రికలు? ఉత్తరాలు? తన పేరున వచ్చిన ఉత్తరాన్ని ముందు మరొకరు చదివి, ఆ తర్వాత తాను వినాల్సి రావడం ఎంత ఇబ్బందో ఎదిగే ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

లిన్‌విల్ స్టాన్‌ఫర్డ్‌కు తిరిగొచ్చి పని మొదలుపెట్టాడు. ఆలోచన చెప్పినంత తేలిగ్గా యంత్రం తయారుకాలేదు. పిన్ను నొక్కి ఊరుకుంటే కాసేపటికి చర్మం ఆ స్పర్శను పట్టించుకోవడం మానేస్తుంది. పొద్దున పెట్టుకున్న గడియారం సంగతి మధ్యాహ్నానికి చేతికి గుర్తుండదు కదా, అలాగన్నమాట. అందుకని పిన్నులు ఆగకుండా వణుకుతూ ఉండాలి, అదీ సెకనుకు రెండు వందలకు పైగా సార్లు. కరెంటు తగిలితే వంగే ప్రత్యేక పదార్థంతో సన్నటి బద్దలు చేసి, వాటి చివర పిన్నులు అమర్చారు. వేలి చర్మం ఎంత దగ్గరి చుక్కలను విడివిడిగా గుర్తుపట్టగలదో తేల్చడానికి స్పర్శ మీద పరిశోధన చేసిన జేమ్స్ బ్లిస్ తోడయ్యాడు. అక్షరాన్ని చూసే కన్ను కూడా కావాలి. దానికోసం స్టాన్‌ఫర్డ్ ప్రయోగశాలలోనే సిలికాన్‌తో చిప్పు తయారు చేశారు. చిప్పులు అంగడి సరుకు కాని రోజులవి.

పనిచేస్తుందో లేదో చెప్పాల్సింది చదివేవాళ్లే. ఆ పరీక్షలకు వేలు అందించినవాళ్లలో క్యాండీ ఉంది. కంప్యూటరు సాయంతో పిన్నుల మీద కదిలే అక్షరాలను ఆమె వేలితో పట్టుకుంటూ వచ్చింది. తండ్రి కట్టిన సిద్ధాంతం నిలబడాలో కూలాలో తేల్చాల్సింది ఆ వేలు.

నిలబడింది. 1969 నాటికి చేత్తో పట్టుకెళ్లగలిగే యంత్రం సిద్ధమైంది. పేరు ఆప్టకాన్. సైజు చిన్న టేప్‌రికార్డరంత.

పుస్తకం బల్లమీద ఉంది. కుడిచేతిలోని బుల్లి కెమెరాను అచ్చు వరుస వెంట మెల్లగా జరపాలి. ఎడమచేతి చూపుడు వేలు పెట్టె లోపలి పళ్లెం మీద ఉంటుంది. అక్కడ 24 వరుసల్లో ఆరేసి చొప్పున 144 పిన్నులు. కెమెరా కింద నల్లటి గీత ఎక్కడుంటే సరిగ్గా అక్కడి పిన్నులే వణుకుతాయి. ఇంగ్లిషు 'ఓ' వస్తే వేలి కింద గుండ్రటి కట్టు ఒకటి జుమ్మంటూ పాకిపోతుంది. 'ఎల్' వస్తే నిలువు గీత ఒక్కటే. అక్షరం వెంట అక్షరం పోగుచేసుకుంటే మాట, మాటలు కూడితే వాక్యం. అమ్మ కొట్టిన చుక్కల అవసరం లేకుండా, చూపున్నవాళ్లు చదివే పేజీనే క్యాండీ తానుగా చదివింది.

ఇదేదో మంత్రదండం అనుకోవద్దు. బాగా సాధన చేసినా చాలామందికి నిమిషానికి 30 నుంచి 50 మాటలే నడిచేవి. వారాల తరబడి శిక్షణ కావాలి. ఖరీదూ ఎక్కువే. అయినా 1970లో లిన్‌విల్, బ్లిస్ తదితరులు టెలీసెన్సరీ సిస్టమ్స్ అనే సంస్థ పెట్టి, మరుసటి ఏడాది నుంచి ఆప్టకాన్లు అమ్మారు. జపాన్ దాకా వెళ్లాయి. క్యాండీ స్టాన్‌ఫర్డ్‌లో చదివి, డాక్టరేట్ అందుకుని, క్లినికల్ సైకాలజిస్టు అయింది.

1976లో రే కర్జ్‌వైల్ అచ్చు పేజీని గొంతెత్తి చదివే యంత్రాన్ని చూపించాడు. వినడం వేగం, నేర్చుకోవడం సులువు. లోకం అటే మొగ్గింది. 1996లో ఆప్టకాన్ తయారీ ఆగిపోయింది. ఇవాళ ఆ చదివే గొంతు ఫోన్‌లోనే ఉంది. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు కూడా చదువుతుంది. దాన్ని నిలబెట్టింది చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు. మన పిల్లల చేతికి ఇంతటి సౌకర్యం వచ్చినందుకు సంతోషించాల్సిందే.

కానీ ఒక చిక్కుంది. ఆప్టకాన్‌కు భాష తెలియదు. ఏ లిపి అయినా, ఏ ఫాంటు అయినా, పటమైనా, లెక్కల గుర్తయినా, కాగితం మీది ఆకారాన్ని అలాగే వేలికి అప్పజెప్పేది. తేల్చుకోవడం చదివేవాళ్ల పని. ఎన్‌వీడీఏ లాంటి నేటి స్క్రీన్ రీడర్ అలా కాదు. దానికి ఆకారం పట్టదు, వెనకున్న కోడ్ కావాలి. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ నడుస్తున్న పాత ఫాంట్లలో లోపలుండేది ఇంగ్లిషు అక్షరాలు, పైకి మాత్రం తెలుగు వేషం. కంటికి చక్కటి తెలుగు పాఠం. చూపులేని విద్యార్థి చెవిలో మాత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గోల. ఇక పేజీని ఫోటో తీసి పెట్టిన పీడీఎఫ్ అయితే, దాన్ని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ మన వత్తుల దగ్గర, గుణింతాల దగ్గర తడబడుతుంది. దాంతో ఆ పిల్లలు మళ్లీ ఎవరైనా చదివి పెడితే బాగుండునని ఎదురుచూడాల్సిందే.

చట్టం అడ్డు కాదు. 2012 కాపీరైట్ సవరణ చదవలేనివారి కోసం పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చుకోవడానికి అనుమతిచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, నిర్దేశిత స్థాయి వైకల్యమున్న విద్యార్థులకు 18 ఏళ్ల దాకా పుస్తకాలు, సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వమంటోంది. మనకు కొత్త యంత్రమూ అక్కర్లేదు. పాఠ్యపుస్తకాలు వేసేవారికి, గైడ్లు అచ్చువేసేవారికి, నోట్సు పంచే అధ్యాపకులకు ఒక్కటే మనవి: పుస్తకం ప్రెస్సుకు వెళ్లేనాడే, పైకీ లోపలా తెలుగు అక్షరాలే ఉండే దాని యూనికోడ్ ఫైలు ఒకటి తీసి ఉంచండి. చూపులేని విద్యార్థి అడిగినప్పుడు అది ఇవ్వండి.